20 అడుగుల హాలు గోడకు తొమ్మిదంగుళాలు చాలునా? మధ్యలో బీమ్ తప్పదా?

కరకంబాడి_కొత్తిల్లు · అక్టోబర్ 11, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. కరకంబాడి రోడ్డు పక్కన మా ఇల్లు కడుతున్నాము. ఉత్తరం ముఖం, కింద ఒకటి పైన ఒకటి. ముందు హాలు మాత్రం పై స్లాబు దాకా ఒకటే ఎత్తు, మధ్యలో స్లాబు లేదు. రోడ్డు వైపు గోడ 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. దాని నడుమ 6 అడుగుల వెడల్పున నిలువుగా పొడవాటి అద్దాల కిటికీ పెట్టాలని మా అత్తగారి కోరిక. కుర్చీలో కూర్చుంటే కొండ కనపడాలి, అంతే ఆమె అడిగింది.

పిల్లర్లు, పై స్లాబు అయిపోయాయి. గోడ తొమ్మిదంగుళాలది, ఇప్పటికి 13 అడుగులు లేచింది. మొన్న మా చుట్టాలబ్బాయి, ఇంజనీరు, చూసి పని ఆపమన్నాడు. పదడుగుల దగ్గర ఒక బీమ్, కిటికీకి అటూ ఇటూ చిన్న పిల్లర్లు కావాలంటాడు. మేస్త్రి ఒప్పుకోవడం లేదు. "తొమ్మిదంగుళాల గోడమ్మా, ఏనుగు గుద్దినా కదలదు" అంటాడు. అద్దం మధ్యలో కాంక్రీటు అడ్డమొస్తే ఇంత ఖర్చు పెట్టి ఏం లాభమని మావారి బాధ. కట్టింది పడగొట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

తాపీపని_చంద్రగిరి · అక్టోబర్ 11, ఉదయం 9:15

అమ్మా, నేను ముప్పై ఏండ్లుగా తాపీ పట్టుకోనుండా. రెండంతస్తుల ఇండ్లు లెక్కలేనన్ని కట్టినాను. అన్నీ తొమ్మిదంగుళాల గోడలే, ఒక్కటి కూడా వాలింది లేదు. మీ మేస్త్రి అబద్ధం చెప్పలేదు. ఇటుక బాగా నానబెట్టి, మాలు, అదే సిమెంటు ఇసుక, ఒకటికి ఆరు కలిపి, తూకం గుండు పట్టి కట్టింటే గోడకేమీ కాదు. రోజుకు ఎన్ని అడుగులు లేపినారు? అది చెప్పండి ముందు. ఒకే రోజు ఎనిమిదడుగులు లేపింటే మాత్రం తప్పే. ఐదడుగులు మించకూడదు, కింది మాలు పచ్చిగా ఉన్నప్పుడే పై బరువు పడితే వరుసలు జారతాయి.

స్ట్రక్చర్_తిరుపతి · అక్టోబర్ 11, ఉదయం 11:02

మేడమ్, మూడు సంగతులు చెప్పండి. గోడకూ పిల్లరుకూ మధ్య ఏమైనా కమ్మీలు కట్టారా, లేక ఇటుకను పిల్లరుకు ఆనించి మాలు పూశారా? ఆ హాలుకు రెండు పక్కలా గదులున్నాయా? హాలు మధ్యలో స్లాబు వద్దని ఎప్పుడు అనుకున్నారు, ప్లాను గీయించేటప్పుడా, తర్వాతా?

మేస్త్రి అన్నా, మీ ముప్పై ఏళ్ల మాట నిజం. అయితే ఒకటి గుర్తు తెచ్చుకోండి. మీరు కట్టిన ఆ రెండంతస్తుల ఇళ్లన్నింట్లో పదడుగుల దగ్గర స్లాబు ఉంది కదా?

కరకంబాడి_కొత్తిల్లు · అక్టోబర్ 11, మధ్యాహ్నం 1:30

సార్, కమ్మీలేవీ లేవు. ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. పిల్లరు పక్కన మాలు ఉంది, అంతే. ఒకచోట ఆ సందులో నా ఇంటి తాళంచెవి సగం దాకా దిగింది. లోపలి వైపు, అంటే పడమటి పక్క గది ఉంది, తూర్పు వైపు ఖాళీ స్థలం. స్లాబు వద్దనుకున్నది పునాదులు లేచాక. మొదటి ప్లానులో హాలు మీద పడకగది ఉండేది. రోజుకు ఎంత కట్టారో రాసి పెట్టుకోలేదు. నాలుగు రోజుల్లో 13 అడుగులు.

రేణిగుంట_ఇంటివాడు · అక్టోబర్ 11, రాత్రి 8:50

అక్కా, నాకు జరిగింది చెప్తాను. భయపెట్టడానికి కాదు, ఈ నెలలో ఆ గోడను అలా వదలొద్దని చెప్పడానికి.

మా ఇంటి మెట్ల గది గోడ. పదహారు అడుగులు లేపి, పైన బీమ్ వేయడానికి కమ్మీ రాలేదని పని ఆపేశారు. మూడు పక్కలా ఖాళీ, పైన ఖాళీ. నివర్ తుఫాను వచ్చిన వారం అది, 2020 నవంబరు. రాత్రి రెండు గంటలకు చప్పుడు వినపడింది. లారీ గోతిలో పడిందేమో అనుకున్నాము. పొద్దున పోయి చూస్తే గోడ ఆరడుగుల దగ్గర గీత గీసి విరిచినట్టు విరిగి, పైభాగం మొత్తం పక్కింటి వాళ్ల పశువుల పాకలో పడింది. ముందురోజే ఆవును వాళ్ల చెల్లెలింటికి తోలుకెళ్లారు కాబట్టి సరిపోయింది. ఆ ఇటుకలు చేత్తో ఎత్తి చూశాను. ఒక్క ఇటుక కూడా పగల్లేదు. మాలు దగ్గర ఊడి వచ్చేసింది, ఇటుక ముఖం మీద మాలు అంటిన మరక కూడా లేదు. ఎండిన ఇటుకలు నానబెట్టకుండా కట్టారని అప్పుడు తెలిసింది.

మందం తక్కువై పడలేదు, అది కూడా తొమ్మిదంగుళాల గోడే. పట్టుకునేది లేక పడింది.

స్ట్రక్చర్_తిరుపతి · అక్టోబర్ 12, ఉదయం 6:20

రేణిగుంట అన్న చివరి మాట దగ్గర నుంచే మొదలుపెడతాను.

గోడ ఎంత మందం అని అందరూ అడుగుతారు. అసలు అడగాల్సింది గోడను ఎవరు పట్టుకున్నారు అని. మామూలు ఇంట్లో పదడుగులకు ఒక స్లాబు వస్తుంది. మనకది నడిచే నేల. గోడకు మాత్రం అది నడుము దగ్గర పట్టుకున్న చెయ్యి. మీరు పడకగది తీసేసి హాలును పైదాకా తెరిచినప్పుడు నేలతో పాటు ఆ చేతిని కూడా తీసేశారు. గోడ అదే, ఇటుక అదే, కానీ పదడుగుల గోడలు రెండు ఉన్నచోట ఇప్పుడు ఇరవై అడుగుల గోడ ఒకటి నిలబడింది. గాలి తోసినప్పుడు గోడను వంచే బలం ఎత్తు రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది.

లెక్క చూద్దాం. ఇటుక గోడలకు ఐఎస్ 1905 అనే కోడ్ ఉంది. సిమెంటు మాలుతో కట్టిన బరువు మోసే గోడకు ఎత్తును గానీ పొడవును గానీ, ఏది తక్కువైతే దాన్ని, మందంతో భాగిస్తే 27 దాటకూడదని అది చెబుతుంది. మీ గోడ పిల్లర్ల మధ్య గోడే, స్లాబును మోయదు. అయినా సన్నదనం చూసుకోవడానికి ఈ కొలబద్ద పనికొస్తుంది. మీది 20 అడుగులు, మందం ముప్పావు అడుగు. భాగిస్తే 26.7. మీ మేస్త్రి ధీమాకు కారణం ఉందన్నమాట, కాగితం మీద అంచున నిలిచింది. అయితే అది కిందా పైనా రెండు చోట్లా పట్టు ఉన్న గోడకు. పైన పట్టు లేకపోతే అదే కోడ్ ఎత్తును ఒకటిన్నర రెట్లుగా లెక్కపెట్టమంటుంది. 30 అడుగులు భాగించు ముప్పావు, అంటే 40. ఇవాళ మీ గోడ 13 అడుగుల్లో పైన ఏ ఆధారం లేకుండా ఉంది. దాని లెక్క 26. ఇంకో వరుస, రెండు వరుసలు లేపితే హద్దు దాటుతుంది. పక్కల పట్టు ఉంటే 16 అడుగుల పొడవుతో లెక్క కట్టి 21తో బయటపడేవాళ్లం. తాళంచెవి దిగిందంటున్నారు కాబట్టి ఆ పట్టు లేదు.

ఈ 27 అనేది కూడా బరువు మోయడానికి పెట్టిన హద్దు. గాలి లెక్క వేరు. సెకనుకు 40 మీటర్లు, అంటే గంటకు 144 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 98 కిలోల ఒత్తిడి పెడుతుంది. మీ గోడ మొత్తం 320 చదరపు అడుగులు. దాని మీద దాదాపు 2,900 కిలోలు పడతాయి. అద్దం మీద పడిన గాలి కూడా చివరకు అద్దం ఫ్రేము పట్టుకున్న గోడ మీదికే వస్తుంది. ఇక్కడే మీ కిటికీ కథ. 16 అడుగుల్లో 6 అడుగులు తీస్తే అటు ఐదు, ఇటు ఐదు మిగిలాయి. ఆ ఐదడుగుల ముక్కలు ఒక పక్క పిల్లరును తాకుతున్నాయి, రెండో పక్క గాలిలో ఉన్నాయి. తమ మీద పడే గాలితో పాటు అద్దం గాలినీ అవే మోయాలి. అందుకే మీ చుట్టాలబ్బాయి కిటికీకి రెండు వైపులా పిల్లర్లు అడిగాడు. సరిగ్గా అడిగాడు.

ఇప్పుడు గోడ కంటే నాకు ఎక్కువ దిగులు కలిగించే సంగతి. మీ పిల్లర్లు ఎంత సైజు? 9 ఇంటూ 12 అంగుళాలు అయితే, ఆధారం లేని పొడవు చిన్న వైపుకు 12 రెట్లు, అంటే 9 అడుగులు దాటితే ఐఎస్ 456 దాన్ని పొట్టి పిల్లరుగా లెక్కించనివ్వదు. పొడవు పిల్లరుగా అదనపు వంపు బలం కలిపి డిజైన్ చేయాలి. స్లాబు వద్దనుకున్నది పునాదుల తర్వాత కదా. ఆ మార్పు తెలిశాక డిజైనర్ పిల్లర్లను మళ్లీ చూశారా? ఈ ప్రశ్న ఫోన్లో కాదు, వెళ్లి అడగండి. డ్రాయింగ్ తీసుకుని వెళ్లండి. ప్లింత్ బీమ్, అంటే నేల మట్టాన గోడను మోసే బీమ్, అది కూడా చూపించండి. రెండు వైపులా పూత పూసిన తొమ్మిదంగుళాల గోడ చదరపు అడుగుకు 45 కిలోల దాకా తూగుతుంది. ఇరవై అడుగుల ఎత్తంటే గోడ పొడవులో ఒక్కో అడుగుకు 900 కిలోలు.

ఈలోగా ఇవాళే గోడకు రెండు వైపులా సవక కట్టెలు ఏటవాలుగా పోటు పెట్టించండి. గోడ కింద పిల్లలను ఆడనివ్వకండి.

చిత్తూరు_ఆర్కిటెక్ట్ · అక్టోబర్ 12, ఉదయం 10:45

అత్తగారి కొండ పోకుండా బీమ్ పెట్టొచ్చమ్మా. బీమ్ అంటే మనకు కళ్ల ముందు కనిపించేది అడుగున్నర లోతు వేలాడే దిమ్మె. అది పైనుంచి బరువు మోసే బీమ్. మీ గోడ నడుమ కావలసింది పక్కనుంచి వచ్చే గాలిని ఆపే పట్టీ. గాలి అడ్డంగా వస్తుంది కాబట్టి పని చేసేది దాని వెడల్పు, లోతు కాదు. గోడ మందమంతా తొమ్మిదంగుళాలు తీసుకుని, ఎత్తు ఆరంగుళాలు ఉంటే పట్టీకి సరిపోయే అవకాశం ఉంది. అద్దంలో ఆరంగుళాల గీత మాత్రమే. కింది అద్దం, పై అద్దం రెండు ముక్కలుగా చేసుకోండి, ఎలాగూ అంత పొడవు అద్దం ఒకటే ముక్కగా తేవడం, ఎక్కించడం, మార్చడం కష్టం. మీ అత్తగారు కుర్చీలో కూర్చున్నప్పుడు కన్ను నేల నుంచి నాలుగడుగుల లోపే ఉంటుంది. పదడుగుల దగ్గరి గీత ఆమె చూపుకు చాలా పైన పోతుంది. ఒకసారి హాల్లో అదే చోట కుర్చీ వేసి, పదడుగుల ఎత్తులో తాడు కట్టి చూపించండి. మాటలతో ఒప్పించలేనిది తాడు ఒప్పిస్తుంది.

కమ్మీల సంగతి మాత్రం మేస్త్రికి గట్టిగా చెప్పాలి. అలవాటులో నాలుగు కమ్మీలనూ కిందా పైనా చూసి కడతారు. ఇక్కడ రెండు ఇంటి లోపలి ముఖం వైపు, రెండు రోడ్డు ముఖం వైపు ఉండాలి. గాలి తోస్తుంది, పీలుస్తుంది కూడా, రెండు వైపులా సమానంగా కావాలి. ఇంకా ప్లాన్ల దశలో ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక మాట. ఎత్తు గోడను తిన్నగా సాగదీయకండి. ఒక చోట అడుగున్నర లోపలికి మడవండి, అలమర గూడో, మెట్ల మలుపో దానికి తగిలించండి. మడత పడిన కాగితం నిలబడ్డట్టు నిలబడుతుంది.

తాపీపని_చంద్రగిరి · అక్టోబర్ 12, మధ్యాహ్నం 2:10

ఇంజనీరు సార్ అడిగినదానికి రాత్రంతా ఆలోచన చేసినా. నిజమే సార్. నేను కట్టిన ప్రతి ఇంట్లో నడాన స్లాబు ఉండాది. ఇరవై అడుగులు ఒకటే గోడగా నేను రెండే కట్టినా. ఆ రెండింట్లోనూ లింటెల్ బెల్టు, అదే కిటికీల పైన వేసే కాంక్రీటు పట్టీ, చుట్టూ తిప్పినాము, అప్పుడు ఆ ఇంజనీరు చెప్తే చేసినాము గానీ ఎందుకో అడగలేదు. అమ్మా, నా మాట పట్టుకోని పని ఆపకుండా పోవద్దండి.

పని చేసేవాడిగా రెండు చెప్తా. ఆఖరు వరుస, పై బీమ్ కింద ఉండేది, గోడ లేపిన రోజే మూసెయ్యద్దు. మాలు ఆరి గోడ కొంచెం కిందికి కూర్చుంటాది. పదిహేను రోజులన్నా ఆగి, అప్పుడు ఇటుక ముక్కలు ఏటవాలుగా పెట్టి సుత్తితో బిగించి మాలు కూరాల. ముందే మూసేస్తే బీమ్ కింద వెంట్రుక మందం పగులు వస్తాది, దాన్ని పూతతో దాస్తారు. కంటికి కనపడదు, కానీ పైన పట్టు పోయినట్టే. రెండోది, పిల్లరు నున్నగా ఉంటే మాలు అంటదు. ఉలితో గాట్లు కొట్టి, నీళ్లు చల్లి, సిమెంటు పాలు పూసినాక ఇటుక పెట్టాల.

మంగళం_వాసి · అక్టోబర్ 12, సాయంత్రం 5:35

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇదే గోడ తెల్ల బ్లాకులతో, అదే ఏఏసీతో కడితే? బరువు తక్కువ కదా.

స్ట్రక్చర్_తిరుపతి · అక్టోబర్ 12, సాయంత్రం 6:05

బరువు సగం కంటే ఎక్కువే తగ్గుతుంది, పునాదికి, ప్లింత్ బీమ్‌కు మేలు. గాలికి మాత్రం మేలు లేదు. తేలిక గోడను తోయడం ఇంకా సులభం. ఎత్తు గోడకు ఏఏసీ వాడితే పట్టీలు ఇంకా దగ్గర దగ్గరగా, నాలుగడుగులకొకటి వేయించండి. పిల్లరు, బ్లాకు కలిసేచోట పూతకు ముందు చికెన్ మెష్, అంటే సన్న తీగల వల, కొట్టించండి.

పుత్తూరు_పెద్దాయన · అక్టోబర్ 12, రాత్రి 9:20

నేను ఇంజనీరును కాను, రిటైరైన బడిపంతులును. మా తాతల నాటి మట్టిమిద్దె గోడలు మూరెడు పైగా మందం. చిన్నప్పుడు కిటికీ గూట్లో కాళ్లు చాపుకుని పడుకునేవాణ్ణి. గదికి గదికి అడ్డగోడ, ఆ అడ్డగోడే పట్టు. చంద్రగిరి రాజమహల్ చూడండి, కొయ్య లేకుండా ఇటుక, రాయి, సున్నంతో మూడంతస్తులు. ఆ ఎత్తు నిలిచింది మందమైన గోడలు, కమానులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండబట్టే. ఇప్పుడు మనం ఎత్తు వాళ్లది తీసుకున్నాం, మందం తీసుకోలేదు, అడ్డగోడలు తీసేశాం. వాటి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి కదా తల్లీ.

మరొక మాట. శ్రీకాళహస్తి రాజగోపురం, కృష్ణదేవరాయలు 1516లో కట్టించినది, 2010 మే 26న కూలింది. అంతకుముందే పగుళ్లు కనపడి చుట్టూ జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. పగులు చెబుతుంది, మనం వినాలి. మీ గోడలో ఎక్కడైనా బీట ఉంటే దాని మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి, పెన్సిలుతో తేదీ రాయండి. పట్టీ పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టు.

కరకంబాడి_కొత్తిల్లు · అక్టోబర్ 19, రాత్రి 8:15

వారం తర్వాత రాస్తున్నాను, క్షమించండి. అన్నీ జరిగాయి.

మీ మాట విన్న రోజు సాయంత్రమే కట్టెలతో పోటు పెట్టించాము. మరుసటి రోజు డ్రాయింగ్ తీసుకుని డిజైన్ చేసినాయన దగ్గరికి వెళ్లాము. ఆయన కాగితం తిప్పి చూసి చాలాసేపు మాట్లాడలేదు. పిల్లర్లన్నీ మధ్యలో స్లాబు ఉన్నట్టే లెక్కించారు. హాలు పైకి తెరిచిన సంగతి మేము మేస్త్రికి చెప్పాము, ఆయనకు చెప్పలేదు. తప్పు మాదే. ఈశాన్యం మూల పిల్లరు 9 ఇంటూ 12. రెండు వైపులా ఖాళీ, ఏ దిశలోనూ నడుమ పట్టు లేదు. దాన్ని చుట్టూ కొత్త కమ్మీతో, కాంక్రీటుతో పెద్దది చేయాలన్నారు. పదడుగుల దగ్గర ఉత్తరం గోడలో, తూర్పు గోడలో బీమ్ వచ్చి ఆ పిల్లరును పట్టుకోవాలట. పిల్లరును కూడా పట్టాలి కాబట్టి ఆరంగుళాలు చాలదు, తొమ్మిది కావాలన్నారు. ప్లింత్ బీమ్ సరిపోతుందని లెక్క చూపించారు.

కట్టిన 13 అడుగుల గోడను మూడడుగుల దాకా దింపేస్తున్నాము. మావారికి ముందు ప్రాణం ఒప్పలేదు. దింపుతుంటే నడిమి వరుసల ఇటుకలు చేత్తో తీస్తే వచ్చేశాయి. ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను, ఇంక ఏమీ అనలేదు. తాడు కట్టి అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టాము. "తాడెక్కడుందే?" అని అడిగింది.

ఖర్చు సంగతి కూడా రాస్తాను, మాలాంటి వాళ్లకు పనికొస్తుంది. కిటికీ పక్కన 9 ఇంటూ 9 పిల్లర్లు రెండు, ఉత్తరం బీమ్ కలిపితే సిమెంటు ఏడెనిమిది బస్తాలు, కమ్మీ క్వింటాలు లోపు. మూల పిల్లరు పని, తూర్పు బీమ్ వేరే. మొదటే చెప్పి ఉంటే ఇవి స్లాబుతో పాటే అయిపోయేవి.

ఒక సందేహం. కొత్త బీమ్ కమ్మీలను పాత పిల్లర్లలో డ్రిల్ కొట్టి కెమికల్‌తో దించుతామంటున్నారు. అది పట్టు నిలుపుతుందా?

స్ట్రక్చర్_తిరుపతి · అక్టోబర్ 19, రాత్రి 10:00

డిజైనర్‌కు చూపించారు, మంచి పని చేశారు. తొమ్మిదంగుళాలే సరైనది.

కెమికల్ నిలుపుతుంది, రంధ్రం శుభ్రంగా ఉంటే. 12 మి.మీ. కమ్మీకి 16 మి.మీ. రంధ్రం. ఎంత లోతో డిజైనర్ చెప్పినంత, డ్రిల్ బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టించండి. కొట్టాక లోపల పిండిలాంటి దుమ్ము ఉంటుంది. పంపుతో ఊది, బ్రష్ వేసి తిప్పి, మళ్లీ ఊదాలి. నోటితో ఊదితే తేమ చేరుతుంది, వద్దు. దుమ్ము మీద కెమికల్ వేస్తే అది దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. గొట్టం రంధ్రం అడుగు దాకా పెట్టి నింపుకుంటూ బయటికి రావాలి, కమ్మీని తిప్పుతూ దించాలి, అంచున కొంచెం బయటికి పొంగాలి. పొంగకపోతే లోపల బోలు ఉన్నట్టే. గట్టిపడే దాకా ఎవరూ ఆ కమ్మీని తాకకూడదు, ఎంతసేపో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ సమయమంతా మీరే పక్కన నిలబడండి.

తాపీపని_చంద్రగిరి · అక్టోబర్ 20, ఉదయం 6:30

అమ్మా, బీమ్ పోసే రోజు చెప్పండి, చంద్రగిరి నుంచి కరకంబాడి ఎంత దూరం, నేనొస్తా. మీ మేస్త్రికి చిన్నతనం కాకుండా నేను మాట్లాడతా. చిన్న పిల్లర్ల కమ్మీ ఏ ముఖం వైపు ఉండాలో సెంట్రింగ్ పలకలు మూయకముందే చూడాల, మూసినాక ఎవరికీ కనపడదు.

కరకంబాడి_కొత్తిల్లు · అక్టోబర్ 20, ఉదయం 7:05

రండన్నా, తప్పకుండా రండి. గురువారం పొద్దున ఎనిమిదికి కమ్మీ కట్టడం మొదలు. మేస్త్రికి నిన్ననే చెప్పాను, మీరొస్తే మంచిదే అన్నాడు. వాన పడితే శనివారం.